రాజాం దారిలో వరికుప్పలు

రాజాంకి రైలు లేదు. చీపురుపల్లిలో దిగి బస్సు పట్టుకోవచ్చు, బొబ్బిలిలో దిగొచ్చు, పొందూరులోనూ దిగొచ్చు. విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లు మామూలుగా చీపురుపల్లిలోనే దిగిపోతారు. నేను ఇంకాస్త ముందుకెళ్లి పొందూరులో దిగాను. ముందు అక్కడి పత్తి చూడాలి, ఆ తర్వాతే రాజాం పొలాలు చూడాలి అని ఇంట్లో బయల్దేరేటప్పుడే అనుకున్నాను. సంచిలో నీటిరంగుల పెట్టె, కుంచెలు, ఫ్రెంచి ఇంప్రెషనిస్టుల బొమ్మల పుస్తకం ఒకటి. పుష్యమాసం, సంక్రాంతి వెళ్లిన వారం.

పొందూరు ఖద్దరు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. నేతకంటే, నేతకు ముందు జరిగే పనే నాకు ఎప్పుడూ అబ్బురం. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకుని, గింజను అంటిపెట్టుకున్న పత్తిని ఆడవాళ్లు ఓపిగ్గా దువ్వుతారు. ఆ సన్నటి పళ్లలో నలుసులన్నీ చిక్కుకుపోతాయి. తర్వాత గింజ తీయడం, చిన్న వింటితో ఏకడం, ఏకులు చుట్టి ఎండిన అరటిదొప్పలో దాచడం, ఆపైన రాట్నం. నూరో నంబరు నూలు ఇలా పుడుతుంది. అరుగు మీద కూర్చుని దువ్వుతున్న ఒక పెద్దామె పక్కన గంపనిండా పత్తి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే ఆ తెలుపులో నీలమూ లేత గులాబీ కనిపించాయి. తెలుపు ఎప్పుడూ తెల్లగా ఉండదని, నీడకూ రంగు ఉంటుందని పట్టుబట్టి చూపించినవాళ్లు ఇంప్రెషనిస్టులే.

వాళ్లలో ఒకాయన పత్తినే బొమ్మ వేశాడు. ఎడ్గార్ దెగా తల్లి తరఫువాళ్లు అమెరికాలో, న్యూ ఆర్లీన్స్‌లో పత్తి వ్యాపారులు. 1872 చివర్లో చుట్టపుచూపుగా అక్కడికి వెళ్లి, 1873లో మేనమామ మిషెల్ ముస్సోన్ కొట్టును చిత్రించాడు. నల్లకోట్ల మగవాళ్లు, బల్ల మీద గుట్టగా దూది. ముందు కుర్చీలో కూర్చున్న మేనమామ వేళ్ల మధ్య పోగు సాగదీసి నాణ్యం చూస్తుంటాడు. చిత్రకారుడి తమ్ముడు తాపీగా పేపరు చదువుకుంటుంటాడు. అప్పటికి బానిసత్వం రద్దయి పట్టుమని పదేళ్లు కాలేదు. ఆ పత్తి కోసిన నల్లజాతి కూలీల చేతులు మాత్రం బొమ్మలో ఎక్కడా లేవు. మాంచెస్టర్ మిల్లు యజమాని ఎవరైనా కొంటాడని దెగా ఆశపడ్డాడు, బేరం కుదరలేదు. 1878లో ఫ్రాన్స్‌లోని పో పట్టణ మ్యూజియం కొనుక్కుంది. ఇంప్రెషనిస్టు బొమ్మను ఒక మ్యూజియం డబ్బిచ్చి కొనడం అదే మొదలు.

అరుగు మీద ఆ పుట తెరిచి చూపించాను. పెద్దామె చేతిలో ఎముక ఆపి కాసేపు చూసి, "అందరూ మగోల్లేనేటి బాబూ?" అంది. నిజమే. దువ్వేవాళ్లు ఒక్కరూ లేరు.

నాకు చాలాకాలంగా ఉన్న అనుమానమూ ఇలాంటిదే. ఇంప్రెషనిస్టుల దృశ్యచిత్రాలు ఎందుకంత నిమ్మళంగా ఉంటాయి? గసగసాల పూలు, ఏటి మీద ఎండ, గొడుగు పట్టుకున్న ఆడమనిషి. ఏమీ జరగని మధ్యాహ్నాలు. అన్ని మధ్యాహ్నాలు అలా ఖాళీగా గడవాలంటే ఎక్కడో ఎవరో పని చేస్తుండాలి. ఆ ఎక్కడో అన్నది మా ఉత్తరాంధ్రకు మరీ దూరం కాదని, అందులోనూ రాజాంకి అసలు దూరం కాదని నా నమ్మకం.

బస్సు పొందూరు దాటాక మంచు ఇంకా విడలేదు. రోడ్డుకు రెండు పక్కలా కోతలైపోయిన మళ్లు, గట్ల మీద తాటిచెట్లు, కళ్లాల్లో వరికుప్పలు. దగ్గరి కుప్ప బంగారు రంగు, దాని వెనకది బూడిద, ఆ వెనకది ఉత్త నీడ. పుస్తకం తీసి మోనే గడ్డికుప్పల పుట పట్టుకున్నాను. 1890 వేసవి చివర నుంచి 1891 దాకా జివెర్నీలో తన ఇంటి పక్క పొలంలో రైతు వేసుకున్న గోధుమ కుప్పల్ని ఆయన పాతిక దాకా చిత్రాల్లో గీశాడు. పొద్దున ఒక గుడ్డ, ఎండ మారగానే ఇంకో గుడ్డ, మంచు పడితే మరొకటి. 1891 మే నెలలో వాటిలో 15 చిత్రాలను పారిస్‌లో డ్యురాన్ రువెల్ తన గ్యాలరీలో వేలాడదీస్తే ఇట్టే అమ్ముడుపోయాయి. ఒక్క కుప్ప పక్కనా మనిషి ఉండడు. మా కుప్పల దగ్గర అది సాధ్యపడే పని కాదు. ఒకదాని మీద చీర ఆరేసుంది, ఒకదాని నీడలో మేక, మరోదాని పక్కన పళ్లు తోముకుంటున్న కుర్రాడు. వెలుగు ఒక్కటే బొమ్మకు చాలునన్న మోనే మాటకు నేను ఒప్పుకుంటాను గానీ, ఈ కళ్లాల్లో అది ఒంటరిగా దొరకదు.

రాజాం ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒక చెరువుగట్టు దగ్గర దిగి, తాటిచెట్టు మొదట్లో కూర్చుని రంగులు విప్పాను. కాగితం తడిపి ఆకాశం పరిచేలోపే ఒక ముసలాయన వచ్చి వెనక నిలబడ్డాడు. తలకు తువ్వాలు, చేతిలో కర్ర.

"ఏటి బాబూ, సర్వేకొచ్చినారా?"

"లేదు తాతా, బొమ్మేస్తున్నాను."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవులు గీత్తారు బాబూ?" అన్నాడాయన. "మొన్న డ్రోనెగరేసినారు, రాళ్లు పాతినారు. ఇప్పుడు మీరు కాయితం మీద గీత్తన్నారు. ఆ మూల మడి మాది. అది సరిగ్గా ఎయ్యండి."

వేశాను. గట్టు వంకర ఎక్కడ తిరగాలో ఆయనే కర్రతో చూపించాడు. ఆ తర్వాత బొమ్మ బాగుందో లేదో అడగలేదు, గట్టు బాగుందన్నాడు.

ఆయన అనుమానానికి చరిత్రలో గట్టి ఆధారమే ఉంది. ఇంగ్లీషువాళ్లు తమ నీటిరంగుల దృశ్యచిత్రకళకు పెద్దదిక్కుగా చెప్పుకునే పాల్ శాండ్‌బీ బతుకు మొదలుపెట్టింది స్కాట్లాండు కొండల సైనిక సర్వేలో. అక్కడి తిరుగుబాటును అణిచాక, మళ్లీ తలెత్తకుండా దారులూ లోయలూ గీయించుకోవడానికి వేసిన సర్వే అది. ఆ తర్వాత 1768 నుంచి 1796 దాకా ఆయన ఊలిచ్ సైనిక అకాడమీలో డ్రాయింగ్ మాస్టారు. ఫిరంగి ఎక్కడ నిలబెట్టాలో తెలియాలంటే కొండ వాలు గీయడం రావాలి. ఈస్టిండియా కంపెనీ తన కుర్ర అధికారుల కోసం ఎడిస్కూంబ్‌లో పెట్టిన బడిలోనూ కోటల నిర్మాణం, సర్వేతో పాటు దృశ్యచిత్రణ ఒక పాఠం. మద్రాసులో సర్వే బడి 1794లో మొదలైంది. కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల కైఫియత్తులు పోగుచేయించిన కాలిన్ మెకంజీ వృత్తికి సర్వేయరే, 1815లో మొత్తం ఇండియాకు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1802లో లాంబ్టన్ మద్రాసులో త్రికోణమితి సర్వేకు గొలుసు పరిచాడు. ఆ ఏడాది నుంచే ఉత్తర సర్కారుల్లో జమీందారీలకు శాశ్వత శిస్తు కట్టారు. తెల్లదొర కాగితమూ పెన్సిలూ పట్టుకుని గట్టు మీద కూర్చుంటే ఊళ్లో గుండెలు దడదడలాడటంలో వింతేముంది? అదృష్టవశాత్తూ నా రంగు చూసి తాత శిస్తు పెరుగుతుందని మాత్రం అనుకోలేదు.

రాజాం ఊళ్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం. కాంప్లెక్స్ దగ్గర టీ, పక్కన గోగునార వాసన మోసుకొస్తున్న లారీ. ఢిల్లీ, హైదరాబాదు విమానాశ్రయాల జీఎంఆర్ మొదలైంది ఈ ఊరి జనపనార మిల్లుతోనే. ఇక్కడివాళ్లు ఆ సంగతి చెప్పకుండా మనల్ని బస్సెక్కనివ్వరు. నేను వచ్చింది ఇంకొకరి కోసం. రాజాం బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి ఊరు.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి పొడిగించను. 1753లో హైదరాబాదు సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సైన్యం జీతాల కింద శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కారులు నాలుగూ ఫ్రెంచివాళ్లకు రాసిచ్చేశాడు. శిస్తు వసూలుకు వచ్చిన సేనాని బుస్సీకి విజయనగరం పూసపాటి విజయరామరాజు చేయి అందించాడు. ఆ స్నేహానికి ఆయన అడిగిన వెల బొబ్బిలి. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. లోపల ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని ఇళ్లకు నిప్పు పెట్టారు, కత్తులు దూశారు. రాజాంలో ఉన్న పాపారాయుడికి కబురు అందేసరికి అంతా అయిపోయింది. తర్వాత కొద్ది రోజులకే రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజును చంపి, తానూ చచ్చిపోయాడు. ఇందులో ఈమధ్య చేరిన ముక్క ఒకటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పాపారాయుడి ఊరు ఇప్పుడు పనులకు విజయనగరం కలెక్టరాఫీసుకు పోవాలి. టీకొట్టు దగ్గర ఈ మాట అంటే నవ్వారు గానీ, ఒకాయన నవ్వలేదు.

బుస్సీ దొర ఇంత దూరం వచ్చింది శిస్తు కోసమే అయినా, ఫ్రెంచివాళ్లను ఈ తీరానికి మొదట రప్పించినవాటిలో బట్ట ఒకటి. మచిలీపట్నం వైపు చిరువేరుతో ఎరుపెక్కించిన అద్దకం గుడ్డలంటే పారిస్ ఆడవాళ్లు పడిచచ్చారు. వాటిని అక్కడ 'అందియెన్' అనేవారు. స్వదేశీ పట్టు, ఉన్ని నేతగాళ్లు గోల పెడితే ఫ్రెంచి రాజు 1686లో వాటిని నిషేధించాడు. కట్టుకున్న ఆడవాళ్ల ఒంటి మీది గుడ్డలు వీధిలో చించేయించేదాకా వెళ్లింది ఆ నిషేధం. అది ఎత్తేసింది 1759లో. సరిగ్గా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఫోర్డ్ నాయకత్వంలోని ఇంగ్లీషు సేన మచిలీపట్నం కోటను పట్టుకుని ఫ్రెంచివాళ్లను ఈ సర్కారుల నుంచి తరిమేసింది. మరుసటేడు ఓబెర్‌కాంఫ్ అనే ఆయన పారిస్ పక్కన జువీ ఊళ్లో అద్దకపు కార్ఖానా పెట్టాడు. రువాన్ పట్టణం కూడా మన అద్దకాలకు నకళ్లు తీసే కార్ఖానాలతో నిండిపోయింది. ఆ రువాన్ చర్చి ముఖాన్నే మోనే 1890లలో పొద్దున ఒక రంగులో, సాయంత్రం ఒక రంగులో గీసింది. ఇక చిరువేరు సంగతి. 1868లో జర్మన్ రసాయనవేత్తలు అలిజరిన్ ఎరుపును ప్రయోగశాలలో చేశారు. దాంతో మన రైతు చిరువేరు పంటకు కాలం చెల్లింది. అలిజరిన్ మాత్రం రంగు గొట్టాల్లోకి ఎక్కి చిత్రకారుల పెట్టెల్లో చేరింది. నా పెట్టెలోనూ ఉంది. చెరువుగట్టు ఎర్రమట్టికి వాడింది అదే.

ఇంప్రెషనిజానికి ఆ పేరు తెచ్చిపెట్టిన బొమ్మ మోనే 1872లో గీసిన లె హావ్ర్ రేవు సూర్యోదయం. 1874లో పారిస్‌లో ఫోటోగ్రాఫర్ నదార్ పాత స్టూడియోలో పెట్టిన ప్రదర్శనలో దాన్ని చూసి లుయి లెరువా అనే విలేఖరి వెక్కిరించాడు, ఆ వెక్కిరింత పేరే నిలిచిపోయింది. అందరూ అందులో నారింజ సూర్యుణ్ని చూస్తారు. కాసేపు సూర్యుణ్ని వదిలేసి వెనక మంచులోకి చూడండి. ఓడల కొయ్యలు, క్రేన్లు, పొగగొట్టాలు. 18వ శతాబ్దంలో ఆ రేవు నుంచి బానిసల ఓడలు వెళ్లాయి. మోనే కాలానికి ఫ్రాన్స్ మిల్లులకు కావలసిన పత్తీ కాఫీ అక్కడ దిగేవి. ఆ మంచులో సగం బొగ్గుపొగ.

మోనే యువకుడిగా 1861-62లో ఫ్రెంచి సైన్యంలో చేరి, ఫ్రాన్స్ ఆక్రమించుకున్న అల్జీరియాలో ఉన్నాడు. జబ్బుపడితే మేనత్త డబ్బు కట్టి విడిపించింది. తన తర్వాతి వెతుకులాటకు విత్తు అక్కడి వెలుగులోనే పడిందని ఆయన ముసలితనంలో చెప్పుకున్నాడు. రెన్వా 1881లో, మళ్లీ 1882లో అల్జీరియా వెళ్లాడు. పిస్సారో పుట్టిందే అప్పట్లో డెన్మార్కు వలస అయిన సెయింట్ థామస్ దీవిలో, అక్కడ బానిసత్వం పోయేనాటికి ఆయనకు దాదాపు 18 ఏళ్లు. అయితే వీళ్లలో నాకు బాగా నచ్చేది పిస్సారోనే. ఆయన పొలాల్లో మనుషులు వంగి పని చేస్తుంటారు. బంగాళాదుంపలు తవ్వే ఆడవాళ్ల నడుము నొప్పి తెలుస్తుంది. దీవిలో రేవు కూలీల్ని చూస్తూ పెరిగిన కన్ను కదా అనిపిస్తుంది. రుజువు చేయమంటే చేయలేను.

1877లో మోనే పారిస్ సెయింట్ లజార్ స్టేషన్‌లో రైలింజను ఆవిరిని వరసగా గీశాడు. అప్పుడు మద్రాసు రాజధానిలో ధాత కరువు. హూపర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి కెమెరాతో ఎముకలగూళ్లను వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అదే కాలం, ఒకచోట ఆవిరి మీద వెలుగు, ఇంకోచోట డొక్కల మీద వెలుగు. ఈ రెండింటినీ ఒకే పుస్తకంలో పక్కపక్కన వేసిన ప్రచురణకర్త నాకింకా తటస్థపడలేదు.

ఇంత చెప్పాక ఇంప్రెషనిజం మనకెందుకు, అవతల పారేద్దాం అనాలేమో. అనలేను. ఆ చూపు తెలుగు నేలకు వచ్చిన దారి చూస్తే నోరు పెగలదు. ఓస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు. ప్రభుత్వం వేసిన దొరే. తనూ బొమ్మలు వేసేవాడు. చేతికి స్కెచ్చి పుస్తకాలిచ్చి కుర్రాళ్లను గోదావరి గట్టుకు తీసుకుపోయేవాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరద వెంకటరత్నం ఆ గట్టున తేలినవాళ్లే. మద్రాసులో 1850లో పెట్టిన కళల బడి ఆదినుంచీ చేతిపనుల మీద, సామాను తయారీ మీద నడిచింది. కూల్డ్రే మాత్రం ఎదురుగా ఉన్న నీళ్లను, తాటిచెట్టును, పడవను చూడమన్నాడు. పాశ్చాత్యులకు నకలు కావద్దనీ అన్నాడు. రామారావును బొంబాయి జె.జె. స్కూలుకు పంపడం వెనకా ఆయన చేయి ఉంది.

రాజమండ్రి గ్యాలరీలో రామారావు పెద్ద చిత్రాల ముందు జనం ఆగుతారు, నాకు ఆయన చిన్న దృశ్యచిత్రాలే ఇష్టం. కొండల మధ్య గోదావరి, ఒడ్డున ఇసుక, దూరంగా పొగమంచు. కుంచె పెట్టిన తీరు ఎక్కడో నేర్చినదని తెలుస్తూనే ఉంటుంది. నీళ్లలోని మట్టిరంగు మాత్రం ఏ ఫ్రెంచి పుస్తకంలోనూ లేదు. 1925లో మశూచి సోకి పోయాడు. 28 ఏళ్లు నిండలేదు. ఇంకో ఇరవై ఏళ్లు బతికి ఉంటే ఉత్తరాన నాగావళి దాకా వచ్చేవాడేమో.

నాగావళి వైపు పుట్టినవాళ్లు ఇంకో దారి పట్టారు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య చందమామ, యువ ముఖచిత్రాల మీద ఉదయాలనూ ఋతువులనూ కరిగించి పోశాడు. అయితే అవి పురాణాల తెల్లవారుజాములు. బొబ్బిలిలో పుట్టిన అంట్యాకుల పైడిరాజు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర నేర్చుకుని వచ్చి విజయనగరంలో చిత్రకళ బడి పెట్టాడు. ఆయన కుంచెకు దొరికినవాళ్లు పెద్ద బొట్టు పెట్టుకున్న పల్లెటూరి ఆడవాళ్లు. ఇద్దరికీ ఒట్టి పొలం, ఒట్టి ఆకాశం చాలలేదు. వాళ్లను తప్పుపట్టను. చెరువుగట్టు మీది తాతకూ చాలలేదు కదా, ఆయనకు గట్టు కావాలి.

సాయంత్రానికి బొబ్బిలి చేరాను. యుద్ధానికి గుర్తుగా 19వ శతాబ్దం చివర్లో జమీందారులు నిలబెట్టిన స్తంభం దగ్గర కొంతసేపు గడిపాను. ఫిరంగులు పేలిన నెల ఇదే. మంచు కింది నుంచి పాకుతూ వస్తోంది, ఎక్కడో చెత్త తగలబెట్టిన పొగ దానిలో కలుస్తోంది. ఏది మంచో ఏది పొగో తేడా పోయింది. ఈ యుద్ధం మీద నేను చూసిన బొమ్మలన్నీ కత్తులూ మీసాలే. 1964 నాటి సినిమాలో ఎస్వీ రంగారావు, 1986 నాటి సినిమాలో కృష్ణంరాజు, మధ్యలో లెక్కలేనన్ని క్యాలెండర్లు. 1757 జనవరి 25 తెల్లవారుజామును గీసిన బొమ్మ మాత్రం నా కంటపడలేదు. కోట కాలి ఆరిపోయాక, మనుషులెవరూ మిగలని ఆ ఉదయాన ఈ మళ్ల మీద వెలుగు ఎలా పడి ఉంటుంది? పొగనీ మంచునీ విడదీయకుండా గీయడం కోసమే పుట్టిన పనితనం ఒకటుంది. అది బుస్సీ దేశంలోనే పుట్టింది. దాన్ని ఈ పనికి వాడుకుంటే బాకీ కొంతైనా తీరుతుంది.

స్థానిక హైస్కూల్లో చాలాకాలం డ్రాయింగ్ చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన స్తంభం దగ్గర పరిచయమయ్యారు. ఈ ఊహ చెప్తే ఆయన శ్రద్ధగా విన్నారు. నా చెరువుగట్టు బొమ్మ తీసుకుని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి, ఆకాశంలో తెలుపు ఎక్కువ వదిలానన్నారు. తర్వాత అడిగారు: "బావుంది గానండీ, పాపారాయుడు లేకుండా బొబ్బిలి బొమ్మ ఎవరు కొంటారు?"